కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ ఉన్న సివిక్‌తో వానల్లో అరకు

మాది పాత మోడల్ హోండా సివిక్, ఎనిమిదో తరంది, 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజన్. కంపెనీ ఇచ్చిన ఎయిర్ బాక్స్ (ఇంజన్‌కు వెళ్ళే గాలిని వడకట్టే ఫిల్టర్ ఉండే పెట్టె) తీసేసి కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ పెట్టించాం. ఇంజన్ వేడి తగలని చోట నుంచి గాలి పీల్చుకోవాలని పొడవాటి అల్యూమినియం పైపు కిందికి దింపి, ఎడమవైపు బంపర్ వెనక కోన్ ఫిల్టర్ బిగిస్తారు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చే ఆ శబ్దం వింటే చాలు, పెట్టిన ఖర్చు గుర్తుకురాదు. సెప్టెంబరులో బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్న రోజుల్లో నేనూ మా బావమరిదీ ఈ బండితోనే విశాఖ నుంచి అరకు వెళ్ళొచ్చాం.

ఇలాంటి బండి వానలో తీయొచ్చా అని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. పైనుంచి ఎంత వాన పడినా పెద్దగా నష్టం లేదు. రోడ్డు మీద నిలిచిన నీళ్ళతోనే ప్రమాదం, కిందున్న ఫిల్టర్ అందులో మునిగితే ఇంజన్ గాలికి బదులు నీళ్ళు పీల్చేస్తుంది. అందుకే దారినీ బసనూ నేను ఈ ఒక్క లెక్కతోనే చూస్తాను.

బయల్దేరే ముందు టేపు పెట్టి కొలిచాం. ఫిల్టర్ అడుగుభాగం నేల నుంచి ఒక అడుగు కూడా లేదు. కంపెనీ ఎయిర్ బాక్స్ మూతి అయితే హెడ్‌లైట్ల ఎత్తులో, రెండడుగులు దాటి ఉంటుంది. సగం టైరు మునిగేదాకా నీళ్ళలో వెళ్ళొచ్చని అందరూ అంటుంటారు కదా. 205/55 ఆర్16 టైరు మొత్తం ఎత్తు దాదాపు 63 సెంటీమీటర్లు. అందులో సగం అంటే అడుగు పైమాటే. అంటే అందరూ ఫర్వాలేదనే లోతులో మా ఫిల్టర్ అప్పటికే నీళ్ళలో ఉంటుంది. కాబట్టి చక్రం మధ్యలోని రిమ్ము కింది అంచు తడిసేంత లోతే మాకు హద్దు అని పెట్టుకున్నాం. ఎదురుగా లారీ వస్తే అది తోసే అల ఆ హద్దును క్షణంలో దాటేస్తుంది. అది పూర్తిగా పోయేదాకా ఆగాల్సిందే.

పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట (ఎస్.కోట) మీదుగా అరకు 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది. చాలామందికి ఘాట్ రోడ్డంటేనే టెన్షన్. నాకు మాత్రం ఎస్.కోట దాకా ఉన్న మైదానమే ఎక్కువ టెన్షన్. ఊళ్ళలో రోడ్డు పక్క కాలువలు పొంగి, ఎక్కడ గొయ్యి ఉందో ఎక్కడ రోడ్డు ఉందో తెలియదు. రైలు పట్టాల కింద నుంచి వెళ్ళే ఒక అండర్‌పాస్ దగ్గర నీళ్ళు చూసి బండి ఆపేశాం. మా ముందే దిగిన ఒక డీజిల్ సెడాన్ మధ్యలో ఆగిపోయింది. ఆయన మళ్ళీ మళ్ళీ స్టార్ట్ చేయబోతుంటే 'టక్' అని ఒక్క దెబ్బ, తర్వాత ఏ చప్పుడూ లేదు.

మా బావమరిది అద్దం దగ్గరికి పరిగెత్తి, "అన్నా, తాళం తిప్పకండి, ఇంక ముట్టుకోకండి" అన్నాడు. నలుగురం కలిసి బండిని ఒడ్డుకు తోశాం. ఎయిర్ బాక్స్ క్లిప్పులు తీసి చూస్తే పేపర్ ఫిల్టర్ ముద్దయిపోయి ఉంది, అడుగున బురదనీళ్ళు. గాలిని నొక్కితే కుంచించుకుపోతుంది, నీళ్ళు కుంచించుకుపోవు. సిలిండర్లో నీళ్ళుండగా పిస్టన్ పైకి రాబోతే వంగేది పిస్టన్‌ను కింద పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్డే. డీజిల్ ఇంజన్లో కంప్రెషన్ ఎక్కువ కాబట్టి ఆ పరిస్థితి ఇంకా తొందరగా వస్తుంది. ఆయనది కంపెనీ ఫిట్టింగే, పైన ఏ మార్పూ లేదు. అయినా ఇంత జరిగింది. ఆయన ఫోన్ చేసిన హెల్ప్‌లైన్ వాళ్ళు టోయింగ్ బండి సాయంత్రానికి వస్తుందన్నారు. మేం వెనక్కి తిరిగి చుట్టుదారి పట్టాం. అరగంట ఎక్కువ పట్టినా నాకు ఏ బాధా లేదు.

ఘాట్ ఎక్కాక మనసు కుదుటపడింది. అనంతగిరి కొండల్లో వాన కుండపోతగా పడుతున్నా రోడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి నీళ్ళు జారి లోయలోకి పోతాయి. మలుపుల దగ్గర బండల మీంచి సన్నటి ధారలు రోడ్డుకు అడ్డంగా పారుతుంటాయి, అవి రెండు మూడు అంగుళాలు దాటవు. ఇక్కడ చూసుకోవాల్సింది పొగమంచు, విరిగిపడే కొండచరియలు, తడిసిన బ్రేకులు. ఇన్‌టేక్ గురించి డముకు వ్యూ పాయింట్ దగ్గర ఆగి చూశాం. ఫిల్టర్ మీద తొడిగిన నీళ్ళు పీల్చని గుడ్డ తొడుగు పైన తుంపరలు ముత్యాల్లా నిలిచి ఉన్నాయి, లోపలి కాటన్ పొడిగానే ఉంది. ఈ తొడుగు వందకు వంద పాళ్ళూ కొనదగ్గ వస్తువు. అయితే అది చినుకుల వరకే. ఫిల్టర్ మునిగితే ఏ తొడుగూ ఆపలేదు. మునిగినప్పుడు పై నుంచి గాలి తీసుకునే బైపాస్ వాల్వ్ కూడా దొరుకుతుంది కానీ టర్బో బండ్లకు అది పనికిరాదు.

చూసిన చోట్లలో బొర్రా గుహలు వానాకాలంలోనూ నిరాశపరచవు. గోస్తనీ నది నీటి చప్పుడు బయట దాకా వినిపిస్తుంది. పార్కింగ్ కూడా మెరక మీదే. కటికి జలపాతం దారి మాత్రం సివిక్ లాంటి బండికి కాదు. అక్కడి జీపు మాట్లాడుకోవడమే మంచిది. జీపు డ్రైవరే "బాబూ, మీ బండి ఇక్కడే ఉంచేయండి, కింద వాగుంది" అని ముందుగా చెప్పాడు. సుంకరిమెట్ట కాఫీ తోటల్లో చెక్క వంతెన, పద్మాపురం గార్డెన్స్ తీరిగ్గా చూడొచ్చు. చాపరాయి దగ్గర బండల మీద నీటి ఉధృతి చూసి ఒడ్డునే ఉండిపోయాం.

బస విషయంలో గదికన్నా ముందు పార్కింగ్ గురించి అడిగాను. అరకు లోయలో వాగు పక్కన ఉన్న ఒక రిసార్ట్ వాళ్ళు ఫోన్లో "కారు గది ముందుకే వస్తుంది సార్" అన్నారు. వెళ్ళి చూస్తే చివరి రెండు వందల మీటర్లు మట్టిరోడ్డు, మధ్యలో పారే నీళ్ళు. రాత్రి వాన పెరిగితే పొద్దున బయటికి రాలేం. అడ్వాన్సులో సగమే తిరిగిచ్చారు. నిజం ముందే చెప్పి ఉంటే మేం అడ్వాన్సు కట్టేవాళ్ళమే కాదు, అది చాలా తప్పు. అనంతగిరిలో పర్యాటక సంస్థ వారి హరిత రిసార్ట్‌లో దిగాం. కొండవాలు మీద, మెయిన్ రోడ్డుకు ఆనుకుని ఉంది. గది మామూలుగా ఉంది, దుప్పట్లకు కాస్త చెమ్మ వాసన. నీళ్ళు నిలవని పార్కింగ్ ముందు అవన్నీ నాకు లెక్కలోకి రాలేదు. అడవి ఇష్టమైతే టైడాలోని జంగిల్ బెల్స్ రిసార్ట్ బాగుంటుంది. విశాఖలో ఆగేవాళ్ళు మాత్రం సెల్లార్ పార్కింగ్ ఉన్న హోటళ్ళను వాన రోజుల్లో వదిలేయండి.

ఘాట్‌లో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, సర్వీసు కావాలంటే మళ్ళీ ఎస్.కోటకో విశాఖకో రావాల్సిందే. కాబట్టి ఇన్‌టేక్ పని ముందే చేయించుకోవాలి. మా పైపు రెండు ముక్కలు. కింది ముక్క తీసేసి ఫిల్టర్‌ను ఇంజన్ పక్కనే పైన బిగించొచ్చు. గాలి వేడిగా వస్తుంది, పికప్ కాస్త తగ్గుతుంది, కానీ ఎత్తు రెండింతలవుతుంది. తిరుగు ప్రయాణానికి ముందు ఉదయం హరిత ఆవరణలో స్క్రూడ్రైవర్, రెండు క్లాంపులతో ఆ పని చేసుకుని దిగాం. వానాకాలమంతా అలాగే ఉంచమని నా సలహా. పాత ఎయిర్ బాక్స్ అటక మీద ఉంటే అది ఇంకా మేలు.

ఇన్సూరెన్స్ కాగితాలు కూడా ఒకసారి తీసి చూడండి. నీళ్ళు దూరి పోయిన ఇంజన్‌కు మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో సాధారణంగా డబ్బు రాదు, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ విడిగా తీసుకోవాలి. ఇన్‌టేక్ మార్చిన సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి.

ఇంటికొచ్చాక ఫిల్టర్ కడిగి నీడన ఆరబెట్టాను. వేడి తగిలించో, కంప్రెసర్ గాలి కొట్టించో తొందరపడితే కాటన్ చెడిపోతుంది. ఆరాక ఫిల్టర్ నూనె పల్చగా పట్టించాలి. ఎక్కువైతే అది వెళ్ళి లోపలికొచ్చే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ మీద పేరుకుంటుంది, బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ వేగం (ఐడిల్) ఎగుడుదిగుడు అవుతుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. సెన్సర్ తుడవడానికి గుడ్డ వాడకండి. దానికోసమే అమ్మే స్ప్రే కొట్టి, పూర్తిగా ఆరాకే బిగించండి.