మా అపార్ట్‌మెంట్ నిర్వహణ ఏజెన్సీ: లెక్కలు చక్కబడ్డాయి, నియమాల అమలు దెబ్బతింది

హైదరాబాద్ శివారులో రెండు వందలకు పైగా ఫ్లాట్లున్న మా గేటెడ్ కమ్యూనిటీ రోజువారీ నిర్వహణను యజమానుల సంఘం కిందటి సంవత్సరం ఒక ప్రైవేటు ఏజెన్సీకి అప్పగించింది. కార్యవర్గ సభ్యుడిగా ఆ సంస్థ బిల్లులు, రిజిస్టర్లు, దాని మీద వచ్చే ఫిర్యాదులు నెలనెలా నా చేతుల మీదుగానే వెళ్తాయి కనుక, ఇటువంటి సేవ తీసుకోవాలని ఆలోచిస్తున్న సంఘాల వారికి పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పడం లేదు. నీళ్లు, యంత్రాలు, లెక్కలు వీరు వచ్చాక నిజంగా బాగుపడ్డాయి. ఇరుగుపొరుగు మధ్య ఉండవలసిన నియమాలను కూడా వీరి మీదికే నెట్టడం వల్ల మాత్రం నష్టం జరిగింది.

నీళ్ల సంగతితో మొదలుపెడతాను. మా వైపు వేసవి వచ్చిందంటే బోర్లు ఎండిపోతాయి, జలమండలి సరఫరా చాలదు, ట్యాంకర్లే దిక్కు. అంతకుముందు ట్యాంకర్ల లెక్కంతా డ్రైవరు ఇచ్చే చీటీల మీద, వాచ్‌మన్ నోటుపుస్తకంలో గీసే గీతల మీద నడిచేది. ఏజెన్సీ సూపర్‌వైజరు వచ్చీ రాగానే సంపులోకి నీరు దించే పైపుకు మీటరు బిగించి, ట్యాంకరు రాగానే ఒక రీడింగు, ఖాళీ అయ్యాక ఇంకొక రీడింగు రాసి, పక్కనే డ్రైవరు చేత సంతకం పెట్టించే పద్ధతి ప్రవేశపెట్టాడు. పదివేల లీటర్లకు బిల్లు వేస్తున్న ట్యాంకర్లలో కొన్ని అంత నీరు దించడమే లేదని ఆ పుస్తకం వల్లే బయటపడింది. ఇప్పుడు మీటరు చూపినంతకే డబ్బు కడుతున్నాం, సరఫరాదారులు కూడా దానికి అలవాటుపడ్డారు.

ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) విషయంలోనూ ఇదే శ్రద్ధ చూపించారు. ఆపరేటరు రోజూ గాలి ఊదే ట్యాంకులోని నీటిని లీటరు కొలజాడీలో పట్టి, అరగంట కదపకుండా ఉంచి, అడుగున ఎంత మడ్డి పేరుకుందో రాస్తాడు. మురుగును శుద్ధి చేసే సూక్ష్మజీవులు తగినంతగా ఉన్నాయా, ఎక్కువైన మడ్డిని తీసేయవలసిన సమయం వచ్చిందా అన్నది ఆ అంకెను బట్టి తెలుస్తుంది. సెల్లార్‌లో ఎంతోకాలంగా ఉన్న దుర్వాసన పోవడానికి కొత్త యంత్రమేదీ కొనలేదు. ఈ కొలత తప్పకుండా తీయడం, గాలి ఊదే బ్లోయర్లను వంతులవారీగా ఆపకుండా నడపడం సరిపోయింది. జనరేటరు నడిచిన గంటలను డీజిల్ పుస్తకంతో సరిపోల్చడం, లిఫ్టుల ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) గడువులు ముందుగా గుర్తుచేయడం వంటివి కూడా సక్రమంగానే చేస్తున్నారు. ఏ నిర్వహణ సంస్థనైనా ఎంచుకునే ముందు, వారు ఇప్పటికే పనిచేస్తున్న ఏదో ఒక అపార్ట్‌మెంట్‌కు వెళ్లి ఈ రిజిస్టర్లు తిరగేసి చూడమని గట్టిగా చెబుతాను. రంగురంగుల ప్రెజెంటేషన్లలో కనిపించని విషయాలు వాటిలో కనిపిస్తాయి.

ఖర్చును మాత్రం సంఘాలు ముందే సరిగ్గా లెక్క వేసుకోవాలి. వాచ్‌మన్లను, స్వీపర్లను సంఘమే నేరుగా ఉద్యోగులుగా పెట్టుకుంటే వారి జీతాల మీద జీఎస్టీ ఉండదు. అదే మనుషులు ఏజెన్సీ ద్వారా వస్తే జీతం, పీఎఫ్, ఈఎస్ఐ, ఏజెన్సీ రుసుము కలిపిన బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఒక్కో సభ్యుడి నుంచి వసూలు చేసే మెయింటెనెన్స్ నెలకు రూ.7,500 మించని సంఘాలకు ఆ వసూళ్లపై జీఎస్టీ మినహాయింపు ఉంది కానీ, ఆ మినహాయింపు కారణంగానే ఏజెన్సీకి కట్టిన పన్నును సర్దుబాటు చేసుకునే వీలు ఉండదు. మనలాంటి మధ్యతరగతి సముదాయాలు చాలావరకు ఈ కోవలోకే వస్తాయి కనుక ఆ భారమంతా ఫ్లాటు యజమానుల మీదే పడుతుంది. మాకు ఇచ్చిన కొటేషన్‌లో ఇదంతా చివరి పేజీలో ‘పన్నులు అదనం’ అన్న రెండు మాటల్లో ఉంది. తొలి పేజీలోనే పన్నుతో కలిపి మొత్తం రాసి ఇవ్వడం నిజాయితీగల పద్ధతి అవుతుంది.

సెల్లార్ గోడ నుంచి వానాకాలంలో నీరు ఊరినప్పుడు ఈ సంస్థ ఇచ్చిన సలహా కూడా నాకు నచ్చలేదు. వెంటనే వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టర్ల కొటేషన్లు తెచ్చి, కార్పస్ ఫండ్ (సంఘం మూలనిధి) నుంచి చెల్లించమన్నారు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాటు స్వాధీనం చేసిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయవలసిన బాధ్యత బిల్డరుదే. మా భవనానికి ఆ గడువు ఇంకా మిగిలి ఉంది. ఆ సెక్షన్ చూపించి లేఖ రాసిన తరువాత బిల్డరే మనుషులను పంపి పని చేయించాడు. అపార్ట్‌మెంట్ల నిర్వహణనే వృత్తిగా పెట్టుకున్న సంస్థకు ఈ సంగతి తెలియకపోవడం పెద్ద లోపం. తెలిసీ చెప్పకపోతే ఇంకా పెద్ద లోపం.

సిబ్బంది విషయానికి వస్తే, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. భద్రతా సిబ్బందిని సమకూర్చే సంస్థకు 2005 నాటి ప్రైవేటు భద్రతా ఏజెన్సీల నియంత్రణ చట్టం కింద ఉండవలసిన లైసెన్సును అడిగిన రోజే చూపించారు. పీఎఫ్, ఈఎస్ఐ చలానాలను ప్రతి కార్మికుడి పేరుతో సహా నెలనెలా ఇస్తున్నారు. ఏజెన్సీ ఎగ్గొడితే ఆ బకాయిలు ప్రధాన యజమానిగా (పని చేయించుకునే ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌గా) సంఘం మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది కనుక ఈ కాగితాలు చూడకుండా బిల్లు మంజూరు చేయకూడదు. అయితే ఒకరోజు ఎస్టీపీ ట్యాంకులో పంపు ఇరుక్కుంటే, ఇద్దరు కార్మికులను తాడు కట్టి లోపలికి దింపడానికి సిద్ధపడ్డారు. కార్యవర్గంలోని ఒక పెద్దావిడ అటుగా వెళ్తూ చూసి ఆపించారు. మురుగు ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనుషులను దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది, నేరంగా పరిగణిస్తుంది. ట్యాంకుల్లో పేరుకునే విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. ఈ ఒక్క విషయంలో సంస్థకు ఎటువంటి సడలింపూ ఇవ్వబోమని లిఖితపూర్వకంగా తెలియజేశాం.

ఇక నియమాల అమలు. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. పార్కింగ్, రాత్రిపూట మైకులు, చెత్తను తడి పొడిగా వేరు చేయడం, మెయింటెనెన్స్ బకాయిలు, వీటన్నిటినీ ‘ఏజెన్సీ చూసుకుంటుంది’ అని వదిలేయడంతో ఆ భారం చివరికి గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ గార్డు మీద పడింది. తమ పార్కింగ్ గడిలో వేరొకరి కారు ఉందని ఒకరు కేకలేస్తారు. తీయమంటే ఆ కారు యజమాని ఇంకొంచెం గట్టిగా కేకలేస్తారు. ‘‘సార్, వాళ్లు ఓనర్లు, నేను బండి తియ్యమంటే తీస్తరా? రేపు నన్నే మార్చమంటరు’’ అని ఒక గార్డు నాతో అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. సముదాయం మొత్తంలో అతి తక్కువ జీతం, అతి తక్కువ రక్షణ ఉన్న మనిషి చేత, లక్షలు పెట్టి ఫ్లాటు కొన్నవారికి నియమాలు చెప్పించడం అన్యాయం, పైగా అది ఫలించదు కూడా.

దీనికి తోడు ఏజెన్సీ మేనేజరు సొంతంగా నోటీసులు అతికించడం మొదలుపెట్టాడు. పెంపుడు కుక్కలను లిఫ్టులో తీసుకురాకూడదని ఒకటి, పనిమనుషులు వెనుక లిఫ్టు మాత్రమే వాడాలని ఇంకొకటి. లిఫ్టుల్లో పెంపుడు జంతువులను నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే సంఘాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. రెండో నోటీసు గురించి చట్టం ఏం చెబుతుందని వెతకవలసిన అవసరం కూడా లేదు. మన ఇళ్లు శుభ్రం చేసేవారిని మన లిఫ్టులో నిలబడవద్దనడం సిగ్గుచేటు. సంఘం బైలాస్ ప్రకారం నియమాలు చేయవలసింది సర్వసభ్య సమావేశం. అక్కడ చర్చకే రాని ఈ రెండు కాగితాలనూ తీసివేయించాం.

ఒప్పందాన్ని మరో ఏడాదికి పొడిగించాలన్నదే నా ఓటు, పొడిగించాం కూడా, అయితే కొన్ని షరతులు చేర్చాం. సాంకేతిక నిర్వహణ, శుభ్రత, గేటు రిజిస్టర్లు, లెక్కలు వారివి. పార్కింగ్ తగాదాలు, బకాయిలు, శబ్దం ఫిర్యాదులు బ్లాకుకు ఇద్దరు చొప్పున సభ్యులున్న ఉపసంఘం చూస్తుంది. గార్డు ఉల్లంఘనను నమోదు చేసి ఫొటో పంపడంతో అతని పని పూర్తవుతుంది, యజమానితో మాట్లాడవలసింది సభ్యులే. కార్యవర్గం సంతకం లేని ఏ నోటీసూ గోడ మీదికి ఎక్కకూడదు. ఎస్టీపీ, సంపు శుభ్రతకు తగిన యంత్రాలున్న సంస్థనే పిలవాలి, ఆ ఖర్చును సంఘం విడిగా భరిస్తుంది. చివరిగా, మీటరు రీడింగులు, ఫిర్యాదుల చరిత్ర, చెల్లింపుల వివరాలు ఉన్న సాఫ్ట్‌వేర్ ఖాతా సంఘం పేరునే ఉండాలని రాయించాం, ఎందుకంటే తొలి ఒప్పందంలో అది ఏజెన్సీ పేరున ఉండేది. వారిని మార్చుకోవలసి వస్తే ఏడాది లెక్కలన్నీ వారితోపాటే వెళ్లిపోయేవి. ఒప్పందం మీద సంతకం చేసే ముందు ఈ అంశాన్ని తప్పకుండా చూసుకోండి.