వ్యాయామ శాస్త్రమా, ఫిజియోథెరపీయా: ఏది మేలు?

"రెండూ కండరాల చదువేగా, ఏది దొరికితే అందులో చేరు" అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటుంటారు. మొదటి ఏడాది సిలబస్ చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. అనాటమీ, ఫిజియాలజీ, బయోమెకానిక్స్ రెండింట్లోనూ ఉంటాయి. ఎముకల పేర్లు బట్టీ పట్టలేక పడే టెన్షన్ కూడా ఒకటే. నేను వ్యాయామ శాస్త్రం చదివాను, హాస్టల్లో నా గదిలో ఉన్న స్నేహితురాలు ఫిజియోథెరపీ. ఏడాదిన్నర పాటు ఒకే పుస్తకాన్ని ఇద్దరం మార్చి మార్చి చదువుకున్నాం. ఆ తర్వాతే దారులు వేరయ్యాయి. ఒక మనిషి నడుస్తుంటే ఇద్దరం చూస్తాం. ఈ ఒంటితో ఇంకెంత పని చేయించొచ్చు అన్నది నా ఆలోచన. ఈ కాలు ఇక్కడ ఎందుకు తడబడుతోంది అన్నది తనది.

నా చదువంతా కొలతల చుట్టూ తిరిగింది. ముక్కు, నోరు మూసేలా మాస్క్ పెట్టి ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, నిమిష నిమిషానికీ వేగమో ఎత్తో పెంచుతూ, ఒళ్ళు ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చూస్తాం. చెవి తమ్మె నుంచి రక్తపు చుక్క తీసి, కండరాలు గట్టిగా పనిచేసినప్పుడు పెరిగే లాక్టేట్ అనే పదార్థం ఎంతుందో చూస్తాం. వింగేట్ అని ఇంకో పరీక్ష ఉంది. సైకిల్ మీద 30 సెకన్లు, ఉన్న శక్తంతా పెట్టి తొక్కాలి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ, దిగాక బకెట్ కోసం వెతుక్కున్నవాళ్ళు మా బ్యాచ్‌లో తక్కువేం కాదు. చేరేముందు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది, ఇందులో స్టాటిస్టిక్స్ చాలా ఉంటుంది. ఆటలంటే ఇష్టమని చేరి లెక్కల దగ్గర బెంబేలెత్తినవాళ్ళను చూశాను. కండరాల్లో వేడి ఎలా పుడుతుందో తేల్చినందుకు 1922 నోబెల్ బహుమతిలో వాటా పొందిన ఏ.వి. హిల్ కూడా గణితం చదివి ఇటు వచ్చినవాడే.

నా స్నేహితురాలి చదువు చేతుల్లో ఉంటుంది. మోకాలు ఎన్ని డిగ్రీలు ముడుచుకుంటోందో గోనియోమీటర్ పెట్టి చూడటం, కండరం బలానికి 0 నుంచి 5 వరకు మార్కు వేయడం. కండరం కాస్త కూడా బిగుసుకోకపోతే 0, గట్టిగా ఎదురు ఒత్తిడి పెట్టినా తట్టుకుంటే 5. వినడానికి తేలికే, కానీ 4కీ 5కీ తేడా వేళ్ళకు తెలియడానికి నెలలు పడుతుంది. క్లినికల్ పోస్టింగుల్లో పక్షవాతం వార్డు, ఐసీయూ, పిల్లల విభాగం అన్నీ తిరగాలి. ఫిజియో అంటే నడుం నొప్పికి మసాజ్ అనుకుని చేరినవాళ్ళు, ఐసీయూలో రోగి ఊపిరితిత్తుల్లోని కఫం బయటికి తెప్పించే పని దగ్గర మొదటిసారి ఉలిక్కిపడతారు. మూడు వారాల కష్టానికి ఫలితం ఒక్కోసారి బొటనవేలు కొంచెం కదలడమే. ఆ కదలికకే తను రాత్రి గదికి వచ్చి గంతులేసేది. నాకు మాత్రం గ్రాఫ్ పైకి వెళితే గానీ ఉత్సాహం వచ్చేది కాదు.

ఈ తేడా నాకు బాగా అర్థమైంది నా తప్పు వల్లే. ఫైనల్ ఇయర్‌లో ఒక పెద్దాయనకు నడక ప్లాన్ రాయమన్నారు. 220 లోంచి వయసు తీసేస్తే గుండె నిమిషానికి గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకోగలదో వస్తుందన్న సూత్రంతో, అందులో ఇంత శాతం అని లెక్కగట్టి, పల్స్ ఆ అంకెకు చేరేదాకా వేగం పెంచమని రాశాను. ఆయన ఎంత నడిచినా పల్స్ అక్కడికి రావట్లేదు. బద్ధకిస్తున్నారేమో అనుకుని ఇంకొంచెం పెంచబోయాను. కాగితం చూసిన నా స్నేహితురాలు ఒకే ప్రశ్న వేసింది, "ఆయన ఏం మందులు వాడుతున్నారు?" బీటా బ్లాకర్లు, అంటే బీపీకీ గుండెజబ్బుకూ ఇచ్చే ఒక రకం మందులు. అవి గుండె వేగాన్ని అంతగా పెరగనివ్వవు. శ్రమ ఎంత పడుతున్నా పల్స్ కిందే ఉంటుంది. ఆ సూత్రాన్ని నమ్ముకుంటే ఆయనను ఎంతదాకా తోసేదాన్నో! మందులు లేని ఆరోగ్యవంతుల్లోనే ఆ 220 లెక్క పది, పన్నెండు అటూ ఇటూ పోతుంది. ఇలాంటివాళ్ళకు "ఎంత కష్టంగా ఉంది?" అని అడిగి 6 నుంచి 20 లోపు అంకె చెప్పించే బోర్గ్ స్కేల్ మేలు. అది నా పుస్తకంలోనూ ఉంది. అయితే మందుల చీటీ ముందు చూడాలన్న అలవాటు నాకు లేదు, తనకుంది.

అందుకని ఫిజియోథెరపీయే పైచేయి అనుకోకండి. రోగి నడవగలిగాక ఎంత నడవాలి, బరువు ఎప్పుడు పెంచాలి, వారానికి ఎన్నిసార్లు చేయాలి అన్న ప్రశ్నలు వచ్చాయంటే తను నా నోట్సు అడిగేది. మోకాలి లిగమెంటు ఆపరేషన్ అయిన ఆటగాడు మైదానానికి తిరిగి వెళ్ళడానికి తొమ్మిది నెలలైనా ఆగాలని ఇప్పుడు గట్టిగా చెబుతున్నారు. అందులో మొదటి నెలలు ఫిజియోవి. చివరి నెలల్లో దూకడం, దిశ మార్చడం, రెండు కాళ్ళ బలం పోల్చడం అంతా మా పని. ఎక్కడ ఒకరి పని ఆగి ఇంకొకరిది మొదలవుతుందో గీత గీసి చెప్పలేం.

నిజానికి వేరు ఒకటే. 1813లో స్టాక్‌హోమ్‌లో పెర్ హెన్రిక్ లింగ్ పెట్టిన జిమ్నాస్టిక్స్ సంస్థలో ఆరోగ్యవంతుల కసరత్తూ వైద్య కసరత్తూ ఒకే కప్పు కింద నేర్పారు. స్వీడన్‌లో 2014 దాకా ఫిజియోకు అధికారిక పేరే 'రోగుల జిమ్నాస్ట్' అని అర్థం వచ్చే మాట. ఆ తర్వాతి కథ మాత్రం వేర్వేరుగా నడిచింది. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే కూర్చుని నడిపే డ్రైవర్లకే గుండెజబ్బు ఎక్కువని జెరెమీ మోరిస్ బృందం 1953లో ప్రచురించింది. అది మా వైపు కథ. నా స్నేహితురాలి వైపు చూస్తే, గుండెపోటు వచ్చినవాళ్ళను వారాల తరబడి మంచానికే పరిమితం చేసే రోజుల్లో, 1952లో లెవైన్, లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు కుర్చీలో కూర్చోబెడితే మేలని రాశారు. కదలికే మందు అన్న ఆలోచనకు అదో మలుపు.

ఇక ఉద్యోగం సంగతి. ఫిజియోథెరపిస్ట్ అన్న పేరు చాలా దేశాల్లో చట్టం రక్షణలో ఉంది, లైసెన్సు లేకుండా పెట్టుకోకూడదు. వ్యాయామ శాస్త్రానికి అంత గట్టి గోడ చాలాచోట్ల లేదు. జిమ్‌లో రెండు వారాల సర్టిఫికెట్ చేసినవాడితోనూ పోటీ పడాలి. ఈ ఒక్క విషయంలో ఫిజియోథెరపీ మేలని మొహమాటం లేకుండా చెబుతాను. అమెరికాలో మాత్రం ఫిజియోథెరపీలోకి డిగ్రీ అయ్యాకే ప్రవేశం, దాదాపు మూడేళ్ళ డాక్టరేట్. అక్కడ వ్యాయామ శాస్త్రం దానికి మెట్టు. నేరుగా డిగ్రీలోనే ఫిజియోథెరపీ ఉన్నచోట, రోగులకే పని చేయాలని తెలిసీ ముందు ఇటు వచ్చి తర్వాత అటు వెళదామనుకోవడం చుట్టుదారి.

మధ్యలో మూడో దారి కూడా ఉంది, క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ. గుండెజబ్బు, షుగర్, ఆయాసం ఉన్నవాళ్ళకు వ్యాయామాన్ని మోతాదు చూసి ఇవ్వడమే ఆ పని. నా స్వభావం ఉండీ వార్డు అంటే భయం లేనివాళ్ళకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఆ పెద్దాయన సంగతి అయ్యాక నేను పీజీకి ఇదే ఎంచుకున్నాను. పిలాటిస్, ఫెల్డెన్‌క్రైస్ లాంటి, ఒంటి కదలికల మీద దృష్టి పెట్టే పద్ధతుల కోర్సులు ఇంకో రకం. వాటిని డిగ్రీ మీద చేర్చుకుంటే బాగుంటాయి, డిగ్రీకి బదులుగా మాత్రం వద్దు.

ఎవరైనా నన్ను అడిగితే రెండు పూటలు ఖర్చు పెట్టమంటాను. ఒక పూట ట్రెడ్‌మిల్ ల్యాబ్‌లో, ఇంకో పూట పక్షవాతం రోగులకు వ్యాయామాలు చేయించే గదిలో. రెండో గదిలో ఒకావిడ మంచం అంచున కూర్చోవడానికి ఇరవై నిమిషాలు పట్టొచ్చు. ఆ ఇరవై నిమిషాల్లో మీరు ఎన్నిసార్లు గడియారం చూసుకున్నారో లెక్కపెట్టుకోండి.