పాయింట్ గార్డ్‌కి ఏది మేలు: ఎన్‌బీఏ బెంచి చివర కుర్చీయా, యూరప్‌లో చేతికి బంతా?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ చరిత్రలో అందరికంటే ఎక్కువ జట్లకు ఆడినవాడు ఇష్ స్మిత్. హ్యూస్టన్, మెంఫిస్, గోల్డెన్ స్టేట్, ఓర్లాండో, మిల్వాకీ, ఫీనిక్స్, ఓక్లహామా సిటీ, న్యూ ఆర్లీన్స్, ఫిలడెల్ఫియా, డెట్రాయిట్, వాషింగ్టన్, షార్లెట్, డెన్వర్: మొత్తం 13. వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలో చదివిన ఈ ఆరడుగుల పాయింట్ గార్డ్‌ని (బంతి చేతిలో ఉంచుకుని ఆట నడిపేవాడు) 2010 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్ళను వరుసగా ఎంచుకునే చోట, ఎవరూ తీసుకోలేదు. రెండేళ్ళ తర్వాత, 2012 డ్రాఫ్ట్‌లో మైక్ జేమ్స్‌ది కూడా అదే పరిస్థితి. అతను క్రొయేషియా వెళ్ళాడు, తర్వాత ఇజ్రాయెల్, ఇటలీ, స్పెయిన్, గ్రీస్, రష్యా, చివరికి మొనాకో. ఇవాళ యూరప్‌లోని అగ్రశ్రేణి క్లబ్ పోటీ అయిన యూరోలీగ్ చరిత్రలో అత్యధిక పాయింట్లు అతనివే.

ఇద్దరూ ఊరూరూ తిరిగినవాళ్ళే. ఇద్దరూ పాయింట్ గార్డులే. మరి స్టార్ కాలేని, అలాగని తీసిపారేయలేని గార్డ్‌కి వీళ్ళలో ఎవరి దారి మేలు? నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఎన్‌బీఏలో మూడేళ్ళ సర్వీసు పూర్తయ్యేదాకా ఎంత కష్టమైనా అమెరికాలోనే ఉండాలి. అది పూర్తయ్యాక కూడా రోజూ ఆడే ఎనిమిది తొమ్మిది మందిలో చోటు రాకపోతే, ఇంకో ఏడాది చూద్దామని ఆగకుండా యూరప్ విమానం ఎక్కాలి.

ఈ ప్రశ్న మిగతా పొజిషన్ల కంటే పాయింట్ గార్డ్‌కే ఎందుకు ముఖ్యమో చూడండి. మూలన నిలబడి మూడు పాయింట్ల షాట్లు వేసేవాడు ఏ జట్టులోకి వెళ్ళినా తన పని మారదు. రీబౌండ్లు పట్టే పొడగరిదీ అంతే. పాయింట్ గార్డ్ పని మాత్రం మిగతా నలుగురి మీద ఆధారపడి ఉంటుంది. సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడగరి) స్క్రీన్ పెట్టాక, అంటే డిఫెండర్‌కి అడ్డంగా నిలబడ్డాక, బుట్ట వైపు పరుగెడతాడా, వెనక్కి జరిగి షాట్ కోసం చూస్తాడా? ఎవరికి పాస్ ఛాతీ దగ్గర కావాలి, ఎవరికి తల పైన కావాలి? కోచ్ చెయ్యి ఎత్తితే ఏ ప్లే (ముందే అనుకున్న ఎత్తుగడ)? ఇవన్నీ ఒంటబట్టడానికి నెలలు పడుతుంది. ట్రేడ్ అయిన (జట్ల మధ్య మార్పిడిలో వెళ్ళిన) ప్రతిసారీ ఆ లెక్కంతా మళ్ళీ మొదటి నుంచి. పది రోజుల కాంట్రాక్ట్ మీద వచ్చిన గార్డ్ సరిగ్గా ప్లేల పేర్లు నేర్చుకునే సమయానికి ఆ కాంట్రాక్ట్ అయిపోతుంది.

ఇష్ స్మిత్ మొదటి ఆరేళ్ళు అలాగే గడిచాయి. మొదటి సీజన్ మధ్యలోనే, 2011 ఫిబ్రవరిలో, షేన్ బాటియేతో పాటు మెంఫిస్‌కి ట్రేడ్ అయ్యాడు. 2013లో జేజే రెడిక్ ట్రేడ్‌లో భాగంగా మిల్వాకీకి, అదే ఏడాది కరోన్ బట్లర్ ట్రేడ్‌లో ఫీనిక్స్‌కి. ప్రతిసారీ వార్త ఇంకొకరిది, చివరి వరుసలో ఇతని పేరు. మధ్యలో వేవ్ చేసిన (కాంట్రాక్ట్ తెంచి వదిలేసిన) జట్లు వేరే ఉన్నాయి. ఆ రోజుల్లో అతని గణాంకాలు చూసి మామూలు ఆటగాడని తేల్చేయడం తేలిక. కానీ ఒక్క జట్టూ అతని చేతికి బంతి ఇచ్చి నాలుగు నెలలు వదిలేయలేదు.

2015 డిసెంబర్ 24న అది జరిగింది. అప్పటికి 31 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచిన ఫిలడెల్ఫియా, రెండు రెండో రౌండ్ పిక్‌లు (డ్రాఫ్ట్‌లో ఆటగాణ్ణి ఎంచుకునే హక్కులు) ఇచ్చి న్యూ ఆర్లీన్స్ నుంచి స్మిత్‌ని తెచ్చుకుంది. అంతకుముందు సీజన్ చివర్లో అతను అక్కడే ఆడాడు, కాబట్టి కొత్త చోటు కూడా కాదు. వచ్చాక ఆడిన మొదటి మ్యాచ్‌లోనే, ఫీనిక్స్ మీద, ఆ జట్టుకు రెండో గెలుపు వచ్చింది. సీజన్ ముగిసేసరికి 10 గెలుపులు, 72 ఓటములు. పట్టికలో చూస్తే సిగ్గుపడాల్సిన లెక్కే. కానీ స్మిత్ అక్కడ మ్యాచ్‌కి సగటున 14కి పైగా పాయింట్లు, 7 అసిస్టులు (తోటివాడి బుట్టకు దారితీసే పాసులు) చేశాడు. కుర్ర సెంటర్లకు బంతి అందాల్సిన చోట అందడం మొదలైంది. ఆ అర్ధ సీజన్ ఆధారంగానే 2016లో డెట్రాయిట్ మూడేళ్ళకు కోటి 80 లక్షల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చింది. అప్పటికి అతనికి 28 ఏళ్ళు. మూడేళ్ళూ అక్కడే ఆడాడు. తర్వాత వాషింగ్టన్‌లో రెండేళ్ళకు కోటి 20 లక్షలు. 2023లో డెన్వర్‌తో ఛాంపియన్‌షిప్ ఉంగరం, అది కూడా ప్లేఆఫ్స్‌లో దాదాపు బెంచి మీద నుంచే.

ఇష్ స్మిత్‌ని చూపించి ఓపిక పట్టాలి అని చెప్పేవాళ్ళు చాలామంది. నాకు అందులో కనిపించేది వేరు. 31 మ్యాచ్‌ల్లో ఒకటే గెలిచి, గార్డ్ లేక అల్లాడే జట్టు ఒకటి తగలడం అతని అదృష్టం. అలాంటి జట్టు ప్రతి ఏడాదీ ఉండదు, ఉన్నా ఆ అవకాశం ఒక్కరికే. అతనిలా ఎదురుచూసి, ఆ పిలుపు రాకుండానే ముప్పై దాటినవాళ్ళ పేర్లు మనకు గుర్తుండవు.

ఇప్పుడు డబ్బు సంగతి, ఎందుకంటే అసలు టెన్షన్ అక్కడే. 2024–25 సీజన్‌లో కొత్త ఆటగాడికి ఎన్‌బీఏ కనీస జీతం 11.57 లక్షల డాలర్లు. పదేళ్ళు దాటినవాడికి 33 లక్షలు. ఎన్‌బీఏకీ, దాని కింది స్థాయి లీగ్ అయిన జీ లీగ్‌కీ మధ్య తిప్పే టూ-వే కాంట్రాక్ట్ అయితే కొత్తవాడి కనీస జీతంలో సగం, అంటే 5.78 లక్షలు. ఎన్‌బీఏ పిలుపు లేకుండా జీ లీగ్‌లో ఆడితే సీజన్ మొత్తానికి సుమారు 43,000 డాలర్లు. పైగా కనీస జీతం కాంట్రాక్టుల్లో చాలావాటికి జనవరి 10 దాకా గ్యారంటీ ఉండదు. ఆ తేదీకి కొద్ది రోజుల ముందు జట్లు బెంచి చివర ఉన్నవాళ్ళను వదిలేసుకుంటాయి. జనవరి 5 నుంచి పది రోజుల కాంట్రాక్టులు మొదలవుతాయి. ఒకే జట్టు ఒక సీజన్‌లో ఒకే ఆటగాడికి అలాంటివి రెండే ఇవ్వగలదు, తర్వాత ఉంచుకోవాలంటే సీజన్ చివరిదాకా ఉంచుకోవాలి. ఫెడరల్ పన్ను పై శ్లాబు 37 శాతం, ఆడటానికి వెళ్ళిన రాష్ట్రాల పన్నులు అదనం.

యూరప్‌లో జీతాలు మామూలుగా పన్ను పోను చేతికొచ్చే మొత్తంగా మాట్లాడుకుంటారు. ఫ్లాట్, కారు క్లబ్బే ఇస్తుంది. యూరోలీగ్‌లో పేరున్న గార్డ్‌కి ఏటా పది లక్షల యూరోలు దాటడం మామూలే. అంటే కొత్త ఆటగాడి ఎన్‌బీఏ కనీస జీతం మీద పన్నులు కట్టాక మిగిలేదానికంటే అక్కడ చేతికి ఎక్కువ వస్తుంది.

మరి మూడేళ్ళు ఆగాలని ఎందుకు అన్నాను? ఎన్‌బీఏ పెన్షన్‌కి అర్హత మూడేళ్ళ సర్వీసుతో వస్తుంది. రిటైరైన వాళ్ళకు ఆరోగ్య బీమా ఇవ్వాలని ఆటగాళ్ళ సంఘం 2016లో నిర్ణయించినప్పుడు అక్కడ కూడా మూడేళ్ళే గీత. మోకాళ్ళతో బతికే వృత్తి ఇది. అమెరికాలో వైద్యం ఖర్చు ఎంతో అక్కడున్న మన తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. రెండున్నరేళ్ళు ఆడి, జీతం ఎక్కువని మూడో ఏడు వదులుకుని వెళ్ళడం నాకు ఏ మాత్రం నచ్చని నిర్ణయం.

యూరప్ వెళ్ళినవాడికి అసలు లాభం ఏమిటో మైక్ జేమ్స్ కంటే షేన్ లార్కిన్ కథలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2013 డ్రాఫ్ట్‌లో 18వ పిక్. డల్లాస్, న్యూయార్క్, బ్రూక్లిన్ ఆడాడు. ఒక ఏడాది స్పెయిన్‌లో బాస్కోనియాకు వెళ్ళొచ్చి, 2017–18లో బోస్టన్ బెంచి మీద కైరీ ఇర్వింగ్, టెరీ రోజియర్‌ల వెనక కూర్చున్నాడు. 2018లో ఇస్తాంబుల్‌లోని అనడోలు ఎఫెస్‌లో చేరాడు. ఆ క్లబ్ అంతకుముందు సీజన్‌లో యూరోలీగ్‌లో ఆఖరి స్థానం. లార్కిన్ వచ్చిన ఏడాదే ఫైనల్. 2019 నవంబర్‌లో బయర్న్ మ్యూనిక్ మీద ఒక్క మ్యాచ్‌లో 49 పాయింట్లు. 2021, 2022లో వరుసగా టైటిళ్ళు. టర్కీ పౌరసత్వం తీసుకుని, 2025 యూరోబాస్కెట్‌లో ఆ దేశంతో రజతం గెలిచాడు. బోస్టన్ బెంచి మీదా, ఇస్తాంబుల్‌లోనూ ఉన్నది అదే మనిషి. అక్కడ కోచ్ ఎర్గిన్ అటామన్ అతని చేతికి బంతి ఇచ్చాడు, పక్కన వాసిలియే మిసిచ్ ఉన్నాడు, జట్టు ఏళ్ళ తరబడి చెదరలేదు.

జేమ్స్ కూడా ఎన్‌బీఏ రుచి చూసినవాడే. 2017లో ఫీనిక్స్ టూ-వే కాంట్రాక్ట్ మీద తీసుకుని, బాగా ఆడాడని డిసెంబర్‌లో పూర్తి కాంట్రాక్ట్ ఇచ్చి, అదే నెలలో వేవ్ చేసింది. తర్వాత న్యూ ఆర్లీన్స్‌లో కొద్ది మ్యాచ్‌లు. 2021లో బ్రూక్లిన్‌లో మరికొన్ని. యూరప్‌లో ఇదే మనిషి 2018–19లో మిలాన్ తరఫున టాప్ స్కోరర్, 2023–24లో మొనాకో తరఫున ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు). అదే 2024లో వాసిలిస్ స్పనూలిస్ పేరిట ఉన్న యూరోలీగ్ పాయింట్ల రికార్డును దాటాడు.

ఆట తీరు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎన్‌బీఏ మ్యాచ్ 48 నిమిషాలు, యూరప్‌లో 40. అక్కడ డిఫెన్స్‌కి మూడు సెకన్ల నిబంధన లేదు కాబట్టి పొడగరి డిఫెండర్ బుట్ట కిందే పాతుకుపోవచ్చు. మూడు పాయింట్ల గీత ఎన్‌బీఏలో 7.24 మీటర్లు, అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా నిబంధనల్లో 6.75. అంటే దారి ఇరుకు, షాట్ దగ్గర. పిక్ అండ్ రోల్ (స్క్రీన్ సాయంతో ఇద్దరు కలిసి ఆడే ఎత్తుగడ) తర్వాత ఆగి షాట్ వేయగల జేమ్స్‌కీ లార్కిన్‌కీ అది సరిపోయింది. స్మిత్ బలం వేగం, దూరపు షాట్ కాదు. అతను యూరప్ వెళ్ళి ఉంటే ఇంత రాణించేవాడని నేను అనుకోను. షాట్ లేని గార్డ్‌కి నా సలహాలో సగం వర్తించదు. అతను ఎన్‌బీఏలోనే ఇంకో జట్టు వెతుక్కోవాలి.

యూరప్‌లో రిస్క్ లేదని కాదు. జీతాలు ఆలస్యం కావడం పాత జబ్బు. 2007లో ఫీబా ఏర్పాటు చేసిన మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ ఆటగాళ్ళకు, ఏజెంట్లకు, క్లబ్బులకు మధ్య వచ్చే ఇలాంటి వివాదాలను చూస్తుంది. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలవగానే యూరోలీగ్ రష్యా క్లబ్బులను పక్కన పెట్టింది, అక్కడి విదేశీ ఆటగాళ్ళు సీజన్ మధ్యలో సామాన్లు సర్దుకోవాల్సి వచ్చింది. కొన్ని లీగుల్లో విదేశీయుల సంఖ్యకు పరిమితి ఉంటుంది. లార్కిన్‌కి టర్కీ పాస్‌పోర్ట్ అందుకే అంత ఉపయోగపడింది.

చైనా కూడా ఉంది. మాజీ ఎన్‌బీఏ గార్డ్ స్టెఫాన్ మార్బరీ బీజింగ్‌కి 2012, 2014, 2015లో టైటిళ్ళు తెచ్చాడు. డబ్బు బాగుంటుంది. కానీ అక్కడి నుంచి యూరోలీగ్‌కో ఎన్‌బీఏకో తిరిగి రావడం కష్టమే, కాబట్టి కెరీర్ చివర్లో అయితే సరే. పిలుపు కోసం ఎదురుచూస్తూ జీ లీగ్‌లో మూడో ఏడాది గడపడం మాత్రం ఎవరికీ చెప్పను.

మన దగ్గర ఎన్‌బీఏ మ్యాచ్‌లు పొద్దున్నే వస్తాయి, యూరోలీగ్ అర్ధరాత్రి దాటాక. అందుకే ఇక్కడ యూరోలీగ్ చూసేవాళ్ళు తక్కువ. ఎన్‌బీఏలో కొద్ది మ్యాచ్‌లు ఆడి కనబడకుండా పోయిన గార్డ్‌ని చూసి పాపం అనుకుంటాం. అతను ఏథెన్స్‌లోనో బెల్‌గ్రేడ్‌లోనో వేలమంది ముందు చివరి నిమిషంలో బంతి పట్టుకుని ఉండొచ్చు.

కాబట్టి మూడేళ్ళ సర్వీసు ఉండి, షాట్ ఉండి, వయసు 26–28 మధ్య ఉన్న గార్డ్ వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు పెద్ద నగరం, పెద్ద క్లబ్ పేరు చూసి మోసపోకూడదు. ఆ క్లబ్ గత రెండేళ్ళు జీతాలు వేళకు ఇచ్చిందా, కోచ్ కాంట్రాక్ట్ తన కాంట్రాక్ట్ కంటే ముందే ముగుస్తోందా, అదే పొజిషన్‌లో ఆ దేశపు గార్డ్ ఎవరున్నారు, వేసవిలో ఎన్‌బీఏ నుంచి పిలుపు వస్తే బయటపడే షరతు రాసి ఉందా: సంతకానికి ముందు ఏజెంట్‌ని ఇవి అడగాలి. ఒక్క ఏడాదికి కాకుండా రెండేళ్ళకు సంతకం చేయగలిగితే ఇంకా మంచిది, మొదటి ఏడాది సగం ప్లేలు నేర్చుకోవడానికే పోతుంది.