జ్ఞానస్నాన (బాప్తిస్మం) రిజిస్టరులో మా ముత్తాత (4/5)

గుంటూరు జిల్లాలో మా నాన్నగారి ఊరి పక్కనే ఉన్న పాత కతోలిక విచారణ (పారిష్, అంటే ఒక చర్చి పరిధి) ఇది, పేరెందుకులెండి. ముత్తాత సమాధి రాయి మీద చెక్కించిన పుట్టిన సంవత్సరం తప్పని మా మేనత్త పంతం, కాదని నాన్న, మధ్యలో నేను రిజిస్టరు చూద్దామని వెళ్ళాను. ఆదివారం పూజ అవగానే వెళ్ళడం నాదే తప్పు, మంగళవారం పొద్దున రమ్మన్నారు.

గుమస్తా గారు ముత్తాత పేరు 'శౌరయ్య' అని వెతికి పది నిమిషాల్లో "లేదండీ" అనేశారు. ఫాదర్ గారు వచ్చి నవ్వి, "ఈ పాత పుస్తకాలు లాటిన్‌లో ఉంటాయి బాబూ" అని ఆయనే పేజీలు తిప్పారు. శౌరయ్య అంటే ఫ్రాన్సిస్ జేవియర్ కదా, అక్కడ ఫ్రాన్సిస్కుస్ అని ఉంది! మీ తాత రాయప్ప అయితే పెత్రుస్, చిన్నప్ప అయితే పౌలుస్, ఇన్నయ్య ఇగ్నాసియుస్, జోజప్ప యోసెఫుస్. ఇవి కాగితం మీద రాసుకుని వెళ్తే సగం టైమ్ మిగులుతుంది.

పుట్టిన రోజు, జ్ఞానస్నానం రోజు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు (జ్ఞానస్నానంలో బిడ్డ తరఫున నిలబడేవాళ్ళు), అన్నీ ఒక్క వరుసలోనే ఉన్నాయి. అసలు సంగతి పక్క మార్జిన్‌లో ఉంది. పెళ్ళి ఎక్కడ జరిగినా ఆ వివరం జ్ఞానస్నానం రాసిన చోట కూడా చేర్చాలని రోమ్ పెట్టిన నియమం 1908లో అమల్లోకి వచ్చింది, దాని పుణ్యమా అని ముత్తవ్వ ఏ విచారణ నుంచి వచ్చిందో తెలిసింది. అది మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, ఫోటో తీసుకోనివ్వలేదు, ఇచ్చిన సర్టిఫికెట్‌లో ఇంటిపేరు తప్పు కొట్టి మళ్ళీ తిప్పించారు. కొన్ని పుస్తకాలకి చెదలు కూడా పట్టాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంది.

బాప్టిస్టు కుటుంబాల వాళ్ళకి ఒక మాట, అక్కడ పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు కాబట్టి ఆ తేదీని బట్టి పుట్టిన ఏడాది లెక్కేయకండి. ఒంగోలు బాప్టిస్టు మిషన్ వాళ్ళు 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు, అందులో అన్ని వయసుల వాళ్ళూ ఉంటారు కదా.

ఇంతకీ రిజిస్టరు ప్రకారం ముత్తాత సమాధి రాయి మీద ఉన్నదానికంటే మూడేళ్ళు ముందే పుట్టాడు. రాయి మార్పించాలని అత్త, అక్కర్లేదని నాన్న, ఆ గొడవ ఇంకా నడుస్తోంది.