పాత రికార్డ్ ఛేంజరా, చావి గ్రామఫోనా: ఏది కొని బాగుచేయించుకోవచ్చు?

ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, గురువారం జుమ్మేరాత్ బజార్‌లోనో పాత రేడియోగ్రామ్ (రేడియో, ప్లేట్లు వాయించే యంత్రం ఒకే కొయ్య పెట్టెలో ఉండేది) కనబడగానే ఫొటో తీసి పంపి "తీసుకోమంటారా?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఫొటోలో మూత, పాలిష్, ముందున్న పేరు పట్టీ కనబడతాయి. బేరం తేలేది వాటి దగ్గర కాదు. ప్లేటును మోస్తూ తిరిగే పళ్లెం కింద ఉన్న ఇనుప గందరగోళం సంపూర్ణంగా ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు దొరక్కుండా మిగతా లెక్కలు వేసుకుని లాభం లేదు.

పోలిక ప్రధానంగా రెండింటి మధ్య. ఒకటి, ఎనిమిది పది ప్లేట్లు (రికార్డులు) పైన పేర్చితే ఒక్కొక్కటే కిందికి వదులుతూ వాయించే ఛేంజర్. 1950, 60లలో రేడియోగ్రాముల్లో వచ్చిన ఇంగ్లండ్ తయారీ గ్యారార్డ్, బీఎస్ఆర్ మోనార్క్, కొల్లారో ఈ కోవలోవి. రెండోది హెచ్‌ఎంవీ 102 లాంటి చావి పెట్టె. కరెంటు అక్కర్లేదు, స్ప్రింగు బలంతో తిరుగుతుంది.

చావి పెట్టెలో చెడేవి మూడే. మొదటిది స్ప్రింగు. లోపలి గ్రీజు గట్టిపడితే చుట్లు ఒకదానికొకటి అంటుకుని, పాట మధ్యలో దడాలున జారతాయి. విప్పి కిరసనాయిలుతో కడిగి గ్రాఫైట్ గ్రీజు పెడితే సరిపోతుంది. విరిగితే కొత్తది వేయాలి. అయితే దాన్ని చుట్టి ఉంచిన డబ్బాలోంచి స్ప్రింగు తీయడం ప్రమాదం, చేయి కోస్తుంది. తెలిసినవాడికే వదిలేయండి. రెండోది గవర్నర్, అంటే వేగాన్ని పట్టి ఉంచే మూడు గుండ్ల అమరిక. గుండ్లను పట్టుకున్న రేకుల్లో ఒకటి చిట్లితే పాట వణుకుతుంది. మూడోది సౌండ్‌బాక్స్‌లో, అంటే ముల్లు కదలికను శబ్దంగా మార్చే గుండ్రటి డబ్బాలో, పలచటి రేకు చుట్టూ ఉండే రబ్బరు. ఎండి రాయైతే స్వరం రేకు డబ్బా మోతలా వస్తుంది. మూడూ అయ్యే పనులే.

ఇబ్బందల్లా అది ప్లేటును తినడంలో ఉంది. ముల్లు మీద పడే బరువు 100 గ్రాములకు పైమాటే. స్టీలు ముల్లు ఒక వైపుకు ఒకటి చొప్పున మార్చాలని డబ్బా మీదే రాసి ఉంటుంది. ఆ ముల్లు మెత్తటి స్టీలు. ప్లేటులో కలిపిన గరుకు పొడికి అరిగి గాడి ఆకారానికి రావడం కోసమే దాన్ని అలా చేశారు. అదే ముల్లుతో రెండో వైపు, మూడో వైపు వాయిస్తే దాని అంచు ఉలిలా గాడిని చెక్కేస్తుంది. ఎల్పీ, అంటే నిమిషానికి 33 చుట్లు తిరిగే సన్న గాడి ప్లేటు, పెడితే ఒక్కసారికే ఖతం.

ఛేంజర్ ముల్లు బరువు 8 నుంచి 10 గ్రాములు. ఇప్పటి టర్న్‌టేబుల్‌తో పోలిస్తే ఎక్కువే, చావి పెట్టెతో పోలిస్తే పదో వంతు. తాతగారి నాటి 78 ప్లేట్లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేట్లు) ఇంకో ముప్పై ఏళ్లు వినాలంటే మొగ్గు ఛేంజర్ వైపే. కాకపోతే దాన్ని కొనేముందు పది నిమిషాలు కూర్చోవాలి.

ప్లగ్ పెట్టకండి. వేగం మార్చే నాబ్‌ను ఆఫ్‌లో ఉంచండి. పోయినా ఫరవాలేదనుకునే పది అంగుళాల ప్లేటు ఒకటి తీసుకెళ్లి, మధ్య కడ్డీకి ఉన్న మెట్టు మీద నిలబెట్టి, ప్లేట్లను పైనుంచి అదిమి పట్టే చెయ్యి దించండి. టోన్ ఆర్మ్ (ముల్లును మోసే చెయ్యి) పట్టీ విప్పి, మీటను రిజెక్ట్‌కు (ప్లేటు మార్చమనే గుర్తుకు) నెట్టి, పళ్లేన్ని కుడివైపుగా, గడియారం ముల్లు తిరిగే దిశలో, చేత్తో నెమ్మదిగా తిప్పండి. కొన్ని చుట్లలో ఆర్మ్ లేవాలి, బయటికి తొలగాలి, ప్లేటు అడ్డంగా పడకుండా చదునుగా దిగాలి, ఆర్మ్ లోపలికి వచ్చి అంచు గాడిలో వాలాలి. ఆ తర్వాత పళ్లెం తేలిగ్గా తిరగాలి.

ఎక్కడ ఆగిందన్నదే రోగం చెబుతుంది. చుట్టు మొత్తం ఒకేలా బరువుగా తిరిగితే అది గట్టిపడ్డ గ్రీజే, భయపడనక్కర్లేదు. ఆర్మ్ ప్లేటు అంచు దాటి వాలితే స్క్రూ సర్దుబాటు. ప్లేటు పడకపోతే కడ్డీ లోపలి నెట్టుడు పుల్ల బిగుసుకుందో, లేక ఆ కడ్డీ ఈ మెషీనుది కాదో. ఒక్క చోటే రాయిలా ఆగితే చక్రం పన్ను విరిగింది, లేదా లివర్ వంగింది. బలం పెట్టకుండా అక్కడే ఆపి లేచి వచ్చేయండి.

ఎందుకంటే ఛేంజర్‌లో రబ్బరు, గ్రీజు, కండెన్సర్, ముల్లు అన్నీ హైదరాబాద్‌లో సమకూరతాయి. చేయించలేనివి నాలుగైదే: మధ్య కడ్డీ, పెద్ద పళ్ల చక్రం, ట్రిప్ రేకు (పాట అయిపోయిందని పసిగట్టేది), పోత పోసిన లివర్లు. కడ్డీ ఊడివచ్చే నమూనాల్లో ముందు పోయేది అదే. చూడ్డానికి ఒట్టి పుల్ల. కానీ మెట్టు ఎత్తు, నెట్టుడు పుల్ల ఆకారం నమూనా నమూనాకూ మారతాయి కాబట్టి ఒకదానిది ఇంకోదానికి పట్టదు. "కడ్డీ తర్వాత దొరుకుతుంది లెండి" అని అమ్మేవాడు అన్నాడంటే, ఛేంజర్ ధర కాదు, కొయ్య పెట్టె ధరే ఇవ్వాలి. 1930ల యంత్రాలైతే ఇంకో గండం: ఆనాటి జింకు పోత ముక్కలు కాలం గడిచేకొద్దీ ఉబ్బి నెర్రెలిస్తాయి. టార్చి వేసి చూస్తే నెర్రెలు కనబడతాయి. కనబడితే వద్దు.

ఇక ట్రిప్ సంగతి. ఛేంజర్లలో సగం ఫిర్యాదులు ఇక్కడివే: పాట అయిపోయినా ముల్లు లోపల గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, లేదా చరణం మధ్యలోనే ఆర్మ్ లేచిపోతుంది. పళ్లెం తీస్తే కింద గోరంత రేకు ఒకటి వదులుగా ఊగుతూ ఉంటుంది. పాట నడుస్తున్నంతసేపూ ఆర్మ్ దాన్ని వెంట్రుకవాసి లోపలికి నెడుతుంది, పళ్లెం ఇరుసుకు ఉన్న చిన్న బొడిపె చుట్టుకోసారి వెనక్కి తడుతుంది. చివరి గాడిలో ఆర్మ్ ఒక్కసారిగా లోపలికి పరుగెత్తితే రేకు బొడిపెకు అడ్డం వస్తుంది, అది తగిలి పళ్ల చక్రం కదులుతుంది. ఇదంతా పొడిగా, తేలిగ్గా ఊగితేనే సాధ్యం. చాలామంది మెకానిక్‌లు మంచి మనసుతో అక్కడ కూడా ఓ చుక్క ఆయిల్ వేస్తారు, పని చెడేది అప్పుడే. రేకును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఉత్తగా వదిలేయాలి. ఇంకోటి, చాలా పాత ప్లేట్లకు పాట చివర లోపలికి లాగే గాడి ఉండదు. వాటికి ఇలాంటి ఛేంజర్ తనంతట తాను ఆగదు, అది యంత్రం తప్పు కాదు.

మోటారు పుల్లీ బలాన్ని పళ్లేనికి అందించే రబ్బరు చక్రం దగ్గర మాత్రం ధైర్యంగా ఉండొచ్చు. నాబ్ ఆఫ్‌లో పెట్టకుండా ఏళ్ల తరబడి వదిలేస్తే చక్రం మోటారు పుల్లీకి నొక్కుకుని సొట్టపడుతుంది, చుట్టుకోసారి "డుబ్ డుబ్" అంటుంది. రాణీగంజ్ వైపు లేత్ పనివాళ్ల దగ్గర కొత్త రబ్బరు ఎక్కించి కోయించుకోవచ్చు. చక్రం వ్యాసం అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా వేగం మారదు. వేగం పుల్లీ వ్యాసం, పళ్లెం లోపలి అంచు వ్యాసం మీదే ఆధారపడుతుంది, చక్రం మధ్యలో బలాన్ని చేరవేసేది మాత్రమే. కావలసింది గుండ్రంగా ఉండటం, పుల్లీ పక్క మెట్టుకు రాసుకోనంత పలచగా ఉండటం.

మోటారు బేరింగులకు కుట్టుమిషన్ ఆయిల్ రెండు చుక్కలు చాలు. కొబ్బరినూనె వేసిన మోటార్లు కూడా కనబడుతుంటాయి. డిసెంబరు తెల్లవారుజామున అవి ఎందుకు కదలవో నూనె సీసా చూస్తే తెలుస్తుంది.

అమెరికా నుంచి వచ్చిన ఛేంజర్ అయితే అదనపు తిరకాసు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 110 చేస్తుంది కానీ, 50 హెర్ట్జ్‌ను 60 చేయలేదు. 78 కాస్తా దాదాపు 65 అవుతుంది, గాయకుడు మగత నిద్రలో పాడినట్టు ఉంటుంది. పుల్లీని 1.2 రెట్ల వ్యాసంతో కొత్తగా తిప్పించాలి. మోటారు వేడెక్కకుండా వోల్టేజి కూడా తగ్గించాలి. ఇంగ్లండ్ యంత్రం దొరికే ఊళ్లో ఈ శ్రమ దండగ.

ముల్లు బిగించే కార్ట్రిడ్జి చాలా వాటిలో రోషెల్ ఉప్పు స్ఫటికం. తేమకు, 55 డిగ్రీల వేడికి అది చచ్చిపోతుంది. మే నెలలో మధ్యాహ్నం ఎండలో ఆపిన కారు డిక్కీలో ఆ వేడి రావడం కష్టమేమీ కాదు. కాబట్టి కొన్న వెంటనే ఇంటికి తెచ్చుకోండి, ప్లేట్లయితే మరీను, వంగిపోతాయి. కార్ట్రిడ్జి పోతే సెరామిక్‌ది వేయాలి. 78లకు 75 మైక్రాన్ల ముల్లు, ఎల్పీలకు 25. మార్చేది 78 ముల్లుతో వస్తుందా అని ముందే అడగండి. ఎల్పీ ముల్లుతో 78 పెడితే అది గాడి అడుగున పాకుతుంది, పాటకంటే బుస ఎక్కువ.

యాంప్లిఫయర్‌కు నేరుగా కరెంటు ఇవ్వొద్దు. 60 వాట్ల ఫిలమెంటు బల్బు సిరీస్‌లో పెట్టి ఇవ్వండి. బల్బు నిండుగా వెలిగి తగ్గకపోతే లోపల షార్టు. మైనం పూసిన కాగితం కండెన్సర్లు పని చేస్తున్నట్టు కనబడినా అన్నీ మార్చాల్సిందే. కోఠి గుజరాతీ గల్లీలో 630 వోల్టుల ఫిల్మువి దొరుకుతాయి. ప్లగ్ తీశాక కూడా ఫిల్టర్ కండెన్సర్లలో ప్రాణాంతకమైన వోల్టేజి నిలిచి ఉంటుంది, రెసిస్టర్‌తో దించేదాకా చేయి పెట్టకండి.

వేగం చూసుకోవడానికి పళ్లెం మీద పెట్టే 77 గీతల స్ట్రోబ్ చక్రం మీది గీతలు 50 హెర్ట్జ్ వెలుగులో కదలకుండా నిలిచి కనబడాలి. చాలా ఎల్‌ఈడీ బల్బుల కింద ఇది కుదరదు, పాత చోకు ట్యూబ్‌లైటు కావాలి.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. తళతళలాడే ఇత్తడి కొమ్ముతో అమ్ముతున్న గ్రామఫోన్లు ఎక్కువగా కొత్తగా అతికించినవే, హాల్లో బొమ్మగా పెట్టుకుంటానంటే సరే. 78 వేగం ఉన్న కొత్త టర్న్‌టేబుల్ ప్లేట్లకు అన్నిటికన్నా భద్రం, కానీ ఇక్కడ అడుగుతున్నది దాని గురించి కాదు.

ఛేంజర్ మీద ఒక్క అభ్యంతరం నిజంగా బలమైనది. పది అంగుళాల ప్లేటు దాదాపు 200 గ్రాములు. లక్క ప్లేటు మీద లక్క ప్లేటు పడుతుంటే అంచులు చిట్లే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. పైగా నాటకం సెట్లలో ఒకటో భాగం, రెండో భాగం ఒకే ప్లేటుకు రెండు వైపులా ఉంటే, పేర్చి వాయించినప్పుడు కథ ఒకటి, మూడు, అయిదు అంటూ దూకుతుంది. మళ్లీ దొరకని అరుదైన ప్లేట్లను ఒక్కొక్కటే పళ్లెం మీద చేత్తో పెట్టి వాయించుకోండి. సినిమా పాటలు మూడు నాలుగు మించకుండా పేర్చండి, అంతకు మించితే పైది జారి వేగం తగ్గుతుంది.

ప్లేట్లు ఇరవై ముప్పై లోపే ఉండి, పండక్కో పబ్బానికో పెట్టేవాళ్లకు చావి పెట్టె చాలు. అంతకు మించి ఉంటే, చేతి పరీక్షలో నెగ్గిన ఇంగ్లండ్ ఛేంజర్‌నే వెతకండి. బజారుకు వెళ్లేటప్పుడు టార్చి, చిన్న అద్దం, ఆ పనికిరాని పది అంగుళాల ప్లేటు సంచిలో వేసుకోండి. ప్లేటు పెట్టి తిప్పి చూడనివ్వని దుకాణంలో బేరం మొదలుపెట్టొద్దు.