పాడవుతున్న ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కి డీడీరెస్క్యూ: వీడియో ఎడిటర్ల కోసం రివ్యూ

టైమ్‌లైన్‌లో క్లిప్‌లు వరసగా మీడియా ఆఫ్‌లైన్ అయిపోతున్నాయి, డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ తెరవడానికే నిమిషాలు పడుతోంది. అప్పుడు చాలామంది ఏదో ఒక రికవరీ సాఫ్ట్‌వేర్ వేసి నేరుగా ఆ డ్రైవ్ మీదే స్కాన్ పెడతారు. ఫుటేజీ చేజారేది అక్కడే. స్కాన్ అంటే డ్రైవ్ మొత్తం చదవడం. అలా చదివినదాన్ని ఎక్కడా దాచకపోతే, రికవర్ నొక్కాక మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే. ఆఖరి దశలో ఉన్న డ్రైవ్ ఆ రెండో విడత దాకా ఆగకపోవచ్చు.

గ్నూ డీడీరెస్క్యూ ముందు డ్రైవ్‌ని సెక్టార్ల (డిస్క్‌లోని చిన్న చిన్న గడుల) వారీగా ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేస్తుంది. ఫైళ్ల వెతుకులాట తర్వాత, అదీ కాపీ మీదే. ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసిన ఈ ప్రోగ్రామ్ పూర్తిగా ఉచితం. బటన్లు ఉండవు, అంతా టెర్మినల్‌లో కమాండ్లతోనే. ఉబుంటు లినక్స్‌లో ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ. మధ్యలో అండర్‌స్కోర్‌తో దాదాపు ఇదే పేరున్న ప్రోగ్రామ్ ఇంకొకటి ఉంది. దాని ఆప్షన్లు వేరు, రెండూ కలపకండి.

వాడే ముందు డ్రైవ్ చప్పుడు వినండి. ఆగకుండా టక్ టక్‌మంటుంటే లోపల డేటా చదివే హెడ్లు చదవలేకపోతున్నట్టు. వెంటనే కరెంటు తీసేయండి. ఆ స్థితిలో తిప్పేకొద్దీ ప్లాటర్ (డేటా ఉండే పళ్లెం) గీసుకుపోవచ్చు, ఏ సాఫ్ట్‌వేర్ కూడా పనికిరాదు, దుమ్ము లేని క్లీన్ రూమ్ ఉన్న ల్యాబే దారి. ఫ్రీజర్‌లో పెట్టే చిట్కా అసలు వద్దు, లోపల తేమ పడుతుంది. చప్పుడు మామూలుగా ఉంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే విండోస్ ప్రోగ్రామ్‌లో స్మార్ట్ విలువలు (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) చూడండి. 5, 197, 198 నంబర్లవి (పాడైన సెక్టార్ల లెక్కలు) పెరుగుతుంటే డిస్కే పాడవుతోంది. 199 (కేబుల్‌లో డేటా తప్పుల లెక్క) మాత్రమే పెరుగుతుంటే ముందు కేబుల్‌ని అనుమానించండి. ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడిగితే క్యాన్సిల్ కొట్టండి. చెక్‌డిస్క్ నడపకండి, రిపేర్ చేసేటప్పుడు అది డ్రైవ్ మీద రాస్తుంది.

కనెక్షన్ విషయంలో తొందరపాటు ఖరీదైనది. డబ్ల్యూడీ మై పాస్‌పోర్ట్ లాంటి చిన్న డ్రైవ్‌లలో యూఎస్‌బీ పోర్టు బోర్డు మీదే అతికించి ఉంటుంది, లోపల సాటా (డిస్క్‌ని నేరుగా కంప్యూటర్‌కి కలిపే) కనెక్టర్ ఉండదు. చాలా మోడళ్లలో పాస్‌వర్డ్ పెట్టకపోయినా డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది, కాబట్టి అసలు బోర్డు పారేయకూడదు. సీగేట్ పోర్టబుల్ డ్రైవ్‌లలో చాలావాటికి లోపల మామూలు సాటా డిస్కే. దాన్ని తీసి మదర్‌బోర్డు సాటాకి పెడితే యూఎస్‌బీ మధ్యలో తెగిపోయే బాధ తగ్గుతుంది, కాకపోతే వారంటీ పోవచ్చు. 3.5 అంగుళాల డ్రైవ్ అయితే ముందు 12 వోల్టుల అడాప్టర్ మార్చి చూడండి. అడాప్టర్ బలహీనపడినా డ్రైవ్ చచ్చినట్టే కనిపిస్తుంది.

ఇక అసలు పని. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఆటోమౌంట్ (పెట్టగానే డ్రైవ్ దానంతటదే తెరుచుకోవడం) ఆపండి. కాపీ పడే డ్రైవ్ పాతదానికి సమానంగానో, పెద్దగానో ఉండాలి. ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో ఏది ఏదో మోడల్, సైజు చూసి కాగితం మీద రాసుకోండి. కమాండ్‌లో మూలం, గమ్యం తారుమారైతే ఫుటేజీ మీద ఖాళీ డ్రైవ్ రాసేస్తుంది. మొదటి విడత చిన్న ఎఫ్ (గమ్యం డ్రైవ్ మీద రాయడానికి అనుమతి), చిన్న ఎన్ ఆప్షన్లతో నడపండి. చదవలేని చోట్ల తంటాలు పడకుండా దూకుతూ ముందు మంచి భాగమంతా తెచ్చేస్తుంది. రెండో విడతలో ఎన్ తీసేసి డి (డిస్క్‌ని నేరుగా చదివే ఆప్షన్), ఆర్3 పెడితే మిగిలిన చోట్లని సెక్టార్ సెక్టార్‌గా మూడు సార్లు ప్రయత్నిస్తుంది. ఒకచోట ఇరుక్కుపోతే పెద్ద ఆర్ పెట్టి చివరి నుంచి వెనక్కి చదివించవచ్చు. 2 టీబీ డ్రైవ్ సెకనుకి 100 ఎంబీ ఇస్తే మొదటి విడత ఐదున్నర గంటలు. చెడ్డ చోట్లకి రోజులు పట్టవచ్చు, పక్కన ఫ్యాన్ పెట్టండి.

దీని ప్రాణమంతా మ్యాప్ ఫైల్‌లో ఉంది. ఏ సెక్టార్ వచ్చింది, ఏది రాలేదన్న లెక్క అందులో ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా, డ్రైవ్ ఊడిపోయినా ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. దాన్ని లైవ్ సెషన్ డెస్క్‌టాప్ మీద పెట్టకండి, రీబూట్‌తో పోతుంది. వేరే పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. ఊడిన డ్రైవ్ మళ్లీ పెట్టినప్పుడు ఉబుంటులో దాని పేరు ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీసీ కావచ్చు, పేరు చూడకుండా పాత కమాండ్ కొట్టవద్దు.

ఎడిటర్లకి నిజంగా విలువైనది ఫిల్ మోడ్. రాని సెక్టార్ల స్థానంలో, కాపీలో, మీరిచ్చిన ఒక గుర్తు పదాన్ని రాస్తుంది. ఆ పదం ఉన్న ఫైళ్లని గ్రెప్ కమాండ్‌తో వెతికితే ఏ క్లిప్ దెబ్బతిన్నదో తెలిసిపోతుంది, గంటల ఫుటేజీ కూర్చుని చూడనక్కర్లేదు. ప్రతి ఫ్రేమ్‌నీ విడిగా దాచే ప్రోరెస్‌లో చిన్న రంధ్రం పడితే మామూలుగా ఒక ఫ్రేమే పోతుంది. పూర్తి ఫ్రేమ్‌ల మధ్య మార్పులే దాచే లాంగ్ జీఓపీ హెచ్.264లో తర్వాతి కీఫ్రేమ్ (పూర్తి ఫ్రేమ్) దాకా బొమ్మ చెదురుతుంది. ఎంపీ4లో ఇండెక్స్ ఉండే మూవ్ భాగమే పోతే ఫైల్ అసలు తెరుచుకోదు. అదే కెమెరాతో, అదే సెట్టింగ్‌తో తీసిన మంచి క్లిప్ ఒకటి ఇస్తే అన్‌ట్రంక్ అనే ప్రోగ్రామ్ దాన్ని చూసి బాగుచేయగలదు. ప్రీమియర్ ప్రాజెక్టు ఫైల్ జీజిప్‌తో కుదించిన ఎక్స్‌ఎంఎల్, మధ్యలో ఒక్క సెక్టార్ పోయినా మిగతాది విప్పుకోకపోవచ్చు. పైగా ఆటోసేవ్ ఫోల్డర్ మామూలుగా ప్రాజెక్టు పక్కనే, అదే డ్రైవ్‌లో ఉంటుంది. సెట్టింగ్స్‌లో దాన్ని సిస్టమ్ డ్రైవ్‌కి మార్చండి. డావిన్చీ రిజాల్వ్‌కి లోకల్ డేటాబేస్ మామూలుగా సిస్టమ్ డ్రైవ్‌లోనే కాబట్టి మీడియా రీలింక్ చేస్తే చాలు.

డీడీరెస్క్యూకి ఫైళ్లంటే తెలియదు. తొలగించినవి, ఫార్మాట్ అయినవి అది తేలేదు. ఎక్స్‌ఫ్యాట్ (డ్రైవ్‌లో ఫైళ్లని అమర్చే పద్ధతి) చెడితే కాపీ మీద డీఎండీఈ అనే రికవరీ ప్రోగ్రామ్ నడపండి, ఉచిత వెర్షన్‌లోనూ ఒక ఫోల్డర్ నుంచి ఒకసారికి 4000 ఫైళ్ల దాకా తీయవచ్చు. ఫోటోరెక్ అనే మరో రికవరీ ప్రోగ్రామ్ ఆఖరికి వాడాల్సింది: ఫైళ్ల పేర్లు రావు, ముక్కలుగా రాసిన పెద్ద క్లిప్‌లు తరచూ విరిగిపోతాయి. డ్రైవ్ పూర్తిగా బిగుసుకుపోతే డీడీరెస్క్యూ దాన్ని రీసెట్ చేయలేదు, చేత్తో పీకి పెట్టాల్సిందే. ప్రతి కొన్ని నిమిషాలకీ అలా పీకాల్సి వస్తున్నా, కొత్త చప్పుడు మొదలైనా అక్కడితో ఆపి ల్యాబ్‌కి ఇవ్వండి. డ్రైవ్‌తో పాటు అప్పటిదాకా వచ్చిన కాపీ, మ్యాప్ ఫైల్ కూడా ఇస్తే ఏ భాగం ఇంకా రావాలో వాళ్లకి ముందే తెలుస్తుంది.