ముత్తుకూరు రోడ్డు మీది మెస్సు: పులుసు కోసమే వెళ్లండి

కృష్ణపట్నం వైపు ప్లాంట్లలో వెల్డింగు పనికొచ్చినప్పటి నుంచీ నా మధ్యాహ్నం భోజనం ఇక్కడే. మామిడికాయ ముక్కలేసిన బొమ్మిడాయిల పులుసుకు వంక పెట్టలేం. రెండు దాటితే మాత్రం అన్నం చల్లారిపోతుంది.

2023 జనవరిలో ఇక్కడి 2,640 మెగావాట్ల బొగ్గు కరెంటు కంపెనీ సింగపూర్ సెంబ్‌కార్ప్ నుంచి ఒమన్ వాళ్ల తన్వీర్ అనే సంస్థ చేతికి మారింది. ఆ వారమంతా ఏ బల్ల దగ్గర చూసినా ఒకటే మాట: "మన పనులుంటాయా అన్నా?"

బయటి డబ్బు రావడం నాకు తప్పనిపించదు, ఇంత పెద్ద ప్లాంట్లు ఊరికే లేవవు. కానీ కరెంటంటే బియ్యం లాంటిది. దాని యజమాని ఎవరో, షరతులేమిటో పక్క ఊళ్లవాళ్లకీ తెలిసుండాలి.

మెస్సు అక్క ఆ వారంలో ఒక రోజు అందరికీ రెండోసారి పులుసు పోసి, డబ్బులు తీసుకోలేదు.